ఇంట్లోనే వీణకు మంచి ఫొటో తీయడం ఎలా: ఒక కిటికీ, ఒక తెల్ల పంచె, రెండు థర్మోకోల్ షీట్లు

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో తయారైన ఒక వీణకు నేను మొట్టమొదట తీసిన ఫొటో ఇంకా నా దగ్గరే ఉంది. రాత్రి ఎనిమిదింటికి ట్యూబ్‌లైట్ కింద, పూల దుప్పటి మీద పెట్టి, ఫ్లాష్ వేసి తీశాను. పనస చెక్క ప్లాస్టిక్‌లా మెరిసింది. వీణ చివర ఉండే యాళి (సింహంలాంటి ఊహా జంతువు) ముఖం మీద ఉలితో చేసిన పనంతా చదునైపోయింది. అమెరికాలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం వాళ్ల అమ్మాయి కోసం వీణ కొందామనుకుని ఆ ఫొటో చూశారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ఇది చెక్కేనా, ఫైబరా అని. ఆ చెక్కను చెక్కిన పెద్దాయన అప్పుడు నా పక్కనే కూర్చుని ఉన్నారు. ఆ మెసేజ్ ఆయనకు చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు.

వీణలో ఏ లోపమూ లేదు. నేను వాడిన వెలుతురే దాని అందాన్ని మింగేసింది. ఆ తర్వాత చాలా వీణలకు, కొన్ని డప్పులకు, సన్నాయిలకు, వేణువులకు ఇంట్లోనే ఫొటోలు తీశాను. స్టూడియో లేదు, పెద్ద కెమెరా లేదు. చేతిలో ఉన్న ఫోనే. ఈ మార్గదర్శిలో వీణనే ముందు పెట్టుకుని చెబుతున్నాను, ఎందుకంటే ఫొటోకు అంత తేలిగ్గా లొంగని వాయిద్యం ఇంకొకటి నాకు కనిపించలేదు. దీనికి తీయడం వస్తే మిగతావాటికి తీయడం చాలావరకు వచ్చినట్టే.

ఒక్క మాట మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి. కొనేవాళ్లు వాయిద్యాన్ని ముట్టుకోలేరు, వినలేరు. చెయ్యి ఎక్కడ ఎంత శ్రమ పడిందో వాళ్లకు ఫొటో ఒక్కటే చెప్పాలి. కింద చెప్పే ప్రతి పనీ అందుకోసమే.

వీణతో వచ్చే చిక్కులు

వీణ పొడవు నాలుగు అడుగులు దాటుతుంది. ఒక చివర పెద్ద గుండ్రటి కుండ, మధ్యలో సన్నటి దండి, రెండో వైపు సొరబుర్ర, ఆ చివర కిందికి వంగిన యాళి ముఖం. నాలుగూ నాలుగు ఎత్తుల్లో, నాలుగు ఆకారాల్లో ఉంటాయి. పాలిష్ పెట్టిన చెక్క అద్దంలా గదినంతా చూపిస్తుంది. దండి మీద స్వరాల కోసం అడ్డంగా అమర్చిన 24 లోహపు మెట్లు ఉంటాయి, అవి ఇంకా చిన్న చిన్న అద్దాలు. వాటి కింద నల్లటి మైనం ఉంటుంది, అది వెలుతురును తాగేస్తుంది. ఆ పైన ఏడు తంత్రులు. వాయించేవి నాలుగు, తాళానికి మూడు. వెంట్రుకంత సన్నగా ఉండే తీగలు సరైన వైపు నుంచి వెలుతురు పడితే తప్ప కనిపించవు.

అంటే బాగా మెరిసేదీ, అసలు మెరవనిదీ, లావుదీ, సన్నదీ, అన్నీ ఒకే ఫ్రేములో పడాలి. అందుకే కనబడగానే ఫోన్ తీసి క్లిక్ చేస్తే వీణ బాగా రాదు. ఓ గంట సమయం పెట్టుకోండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

స్టేషనరీ షాపులో దొరికే పెద్ద థర్మోకోల్ షీట్లు రెండు, నల్ల చార్ట్ ఒకటి, ఒక సాదా తెల్ల పంచె, మూడు మీటర్ల కోరా గుడ్డ లేదా ముదురు రంగు సాదా కాటన్ గుడ్డ, మెత్తటి పెయింట్ బ్రష్షు, పాత నూలు బనియన్ ముక్క, ఫోన్ పట్టే ట్రైపాడ్. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద పుస్తకాలు పేర్చి ఫోన్‌ను ఆనించినా సరిపోతుంది. ఇవి కాక రెండు చిన్న బియ్యం మూటలు. వాటితో ఏం పనో తర్వాత చెబుతాను.

మొదటి మెట్టు: శుభ్రం చేయడం

కంటికి కనిపించని దుమ్ము ఫొటోలో కనిపిస్తుంది, అదీ పక్క నుంచి వెలుతురు పడినప్పుడు ఇంకా ఎక్కువగా. మెట్ల మధ్య, గుర్రం (కుండ మీద తంత్రులు ఆనే వంతెన) కింద, బిరడల (తంత్రులు బిగించే మరల) చుట్టూ పొడి బ్రష్షుతో దులపండి. కుండ మీద, దండి పక్కన వేలిముద్రలుంటే పొడి బనియన్ గుడ్డతో నెమ్మదిగా తుడవండి. తడి గుడ్డ వద్దు. కొత్తగా కనిపించాలని ఫర్నిచర్ పాలిష్ స్ప్రేలు కొట్టడం అసలే వద్దు, అవి మెట్ల కింది మైనం మీద, తంత్రుల మీద పడతాయి. తంత్రులకు నూనె రాసి ఉంటే పొడి గుడ్డతో ఒకసారి లాగేయండి, లేకపోతే దుమ్ము పట్టి తీగ బూజులా కనిపిస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే చెబుతున్నాను. ఓ మే నెలలో ఎండ బాగుందని వీణను డాబా మీదికి తీసుకెళ్లాను. అరగంట కూడా ఉంచలేదు. మెట్లు మైనంలోనే కూర్చుని ఉంటాయి కదా, ఆ వేడికి మైనం మెత్తబడి రెండు మెట్లు పక్కకు జరిగాయి. మెట్టు కాస్త జరిగితే స్వరం తప్పుతుంది. దాన్ని సరిచేయాలంటే మేళం కట్టడం తెలిసినవాళ్లు కూర్చుని ఒక్కో మెట్టును చెవితో విని మళ్లీ నిలబెట్టాలి. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా అనకుండా ఆ పని చేసి ఇచ్చారు. అప్పటి నుంచి వీణను నేను ఎండలోకి తీసుకెళ్లలేదు. వేడెక్కే హాలోజన్ లైట్లు దగ్గర పెట్టినా ఇదే ప్రమాదం.

రెండో మెట్టు: కిటికీ ఎంచుకోవడం

ఎండ నేరుగా లోపలికి రాని కిటికీ కావాలి. ఉత్తరం వైపు కిటికీ ఉంటే మీ అదృష్టం, రోజంతా దాదాపు ఒకే రకం వెలుతురు వస్తుంది. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం, పడమటి కిటికీ అయితే పొద్దున్న వాడుకోండి. తప్పనిసరై ఎండ పడే కిటికీనే వాడాల్సి వస్తే దానికి అడ్డంగా తెల్ల పంచె కట్టండి. పంచె అంచు రంగుది కాకుండా చూసుకోండి, లేదా అంచు మడిచేయండి.

పంచె ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి. సూర్యుడు మనకు చిన్న చుక్క. చుక్కలాంటి వెలుతురు పడితే నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది, మెరుపు ఒక్కచోట తెల్లగా పేలుతుంది. ఆ ఎండ పంచె మీద పడ్డాక పంచె మొత్తం వెలుగుతుంది. ఇప్పుడు వీణకు వెలుతురిచ్చేది చుక్క కాదు, మూడు నాలుగు అడుగుల తెల్లటి గుడ్డ. నీడల అంచులు మెత్తబడతాయి. కుండ మీద మెరుపు వెడల్పుగా, పాలలా పరుచుకుంటుంది. వెలుతురిచ్చేది వస్తువుతో పోలిస్తే ఎంత పెద్దదైతే నీడ అంత మెత్తన. ఫోన్ ఫ్లాష్ ఎందుకు పనికిరాదో దీన్నిబట్టే తెలుస్తుంది. అది చిన్న చుక్క, పైగా లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి చెక్కడాల్లో పడాల్సిన నీడలు మన కంటికి కనిపించకుండా వస్తువు వెనక్కి వెళ్లిపోతాయి.

తర్వాత గదిలోని లైట్లన్నీ ఆర్పేయండి. కిటికీ వెలుతురుకు ఒక రంగు, ఎల్ఈడీ బల్బుకు ఇంకో రంగు. రెండూ కలిస్తే వీణ ఒక వైపు నీలంగా, ఇంకో వైపు పసుపుగా వస్తుంది. ఎడిటింగ్‌లో ఒక వైపు దిద్దితే రెండో వైపు పాడవుతుంది. గోడల రంగు కూడా చూసుకోండి. మన ఇళ్లలో గోడలకు లేత ఆకుపచ్చ, గులాబీ, లేత నీలం వేయడం మామూలే. ఆ రంగు వెలుతురుతో కలిసి వచ్చి పాలిష్ చెక్క మీద పడుతుంది. దగ్గర్లో ఉన్న గోడకు తెల్ల దుప్పటి వేలాడదీస్తే ఆ బాధ తప్పుతుంది.

మూడో మెట్టు: వీణను, వెలుతురును కూర్చడం

నేల మీద పెద్ద గడియారం ఉందనుకోండి. మధ్యలో వీణ, 6 దగ్గర మీరు. చిన్న వాయిద్యానికైతే కిటికీ 9 దగ్గర ఉండాలి. వీణకు 10కి, 11కి మధ్య ఉంటే మేలు. అంటే వెలుతురు కాస్త వెనక నుంచి, ఎడమ పక్క నుంచి వాలుగా వస్తుంది. అలా వచ్చినప్పుడే యాళి కోరల కింద నీడ పడి అవి పైకి లేచినట్టు కనిపిస్తాయి, కుండ మీది చెక్కుడు పువ్వుల్లో ఉలి ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది, తంత్రుల మీద సన్నటి వెలుగు గీత నిలుస్తుంది.

కిటికీకి మరీ దగ్గరగా పెట్టకండి. కిటికీకి దూరమయ్యే కొద్దీ వెలుతురు త్వరగా పడిపోతుంది. అడుగు దూరంలో కుండ, అయిదు అడుగుల దూరంలో యాళి ఉంటే ఒకటి తెల్లబడిపోతుంది, రెండోది చీకట్లో పడుతుంది. వీణ మొత్తాన్ని కిటికీకి నాలుగైదు అడుగులు వెనక్కి జరిపితే రెండు చివరల మధ్య తేడా తగ్గుతుంది. ఫొటోకు వెలుతురు తక్కువయిందని కంగారు పడకండి, ఫోన్ ట్రైపాడ్ మీద ఉంది కదా.

ఇప్పుడు గడియారంలో 3, 4 దగ్గర, ఫ్రేముకు బయట, ఒక థర్మోకోల్ షీటు నిలబెట్టండి. కిటికీ వెలుతురు దానికి తగిలి వీణ చీకటి వైపుకు తిరిగొస్తుంది. షీటును దగ్గరికి, దూరానికి జరుపుతూ చూడండి. నీడ పూర్తిగా పోయే దాకా తేవద్దు. నీడ పోతే గుండ్రదనం పోతుంది. చీకట్లో కూడా చెక్క గీతలు కనిపిస్తే చాలు, అక్కడ ఆపేయండి. వెండి రంగు ఫాయిల్ చుట్టిన అట్ట వాడమని కొందరు చెబుతారు. పాలిష్ చెక్కకు అది గరుకు మెరుపులు తెస్తుంది. నాకు థర్మోకోలే నచ్చింది.

మెట్ల సంగతి వేరు. లోహానికి తన వెలుతురు తనకు ఉండదు, ఎదురుగా ఏముంటే అదే చూపిస్తుంది. నల్లటి గది ఎదురుగా ఉంటే మెట్లు నల్లబడతాయి, మీ ఎర్ర చొక్కా ఎదురుగా ఉంటే ఎర్రబడతాయి. అందుకని రెండో థర్మోకోల్ షీటును మెట్లకు ఎదురుగా, కాస్త పైనుంచి వంచి పట్టుకోమని ఇంట్లో ఎవరినైనా అడగండి. ఒక్కసారిగా 24 మెట్లూ వరసగా తెల్లటి గీతల్లా వెలుగుతాయి. ఈ ఒక్క పని వల్ల ఫొటోకు వచ్చే తేడా చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఫొటో తీసేటప్పుడు మీరు బూడిద రంగో, నలుపో వేసుకోండి.

కుండ మీద కిటికీ చువ్వల బొమ్మ కనబడుతోందా? పాలిష్ మీద వెలుతురు ఏ కోణంలో పడుతుందో అదే కోణంలో తిరిగి లేస్తుంది. మీ కళ్లు ఆ దారిలో ఉన్నాయి కాబట్టే కనబడుతోంది. వీణను పది డిగ్రీలు తిప్పండి, లేదా మీరు ఓ అడుగు పక్కకు జరగండి. అయినా పోకపోతే పంచె కట్టండి, చువ్వల బదులు మెత్తటి తెల్ల చార కనిపిస్తుంది. ఆ చారను పోగొట్టకండి. అదే కుండ గుండ్రంగా ఉందని చెబుతుంది. ఫోన్‌కు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ కొంటే దాన్ని తిప్పుతూ చూడండి. పక్క కోణం నుంచి చూసినప్పుడు పాలిష్ మీది మెరుపును అది బాగా తగ్గిస్తుంది, చెక్క రంగు లోపలి నుంచి బయటికొస్తుంది. లోహపు మెరుపు మీద మాత్రం పెద్దగా పనిచేయదు, మెట్లకు థర్మోకోలే దిక్కు.

నాలుగో మెట్టు: వెనక గుడ్డ, కింద ఆసరా

పట్టుచీర పరిచి తీయాలని చాలామందికి అనిపిస్తుంది. పూజ ఫొటోకు అది బాగుంటుంది. కొనేవాళ్ల కోసం తీసే ఫొటోలో చీర జరీ మెరుపు, వీణ మెరుపు పోటీ పడతాయి, కన్ను చీర మీదికే పోతుంది. సాదా నూలు గుడ్డే వేయండి. పనస చెక్క పసుపు, గోధుమ రంగు కలిసినట్టు ఉంటుంది కాబట్టి బూడిద నీలం, ముదురు ఆకుపచ్చ, కోరా తెలుపు దాని పక్కన బాగుంటాయి. ఎర్ర గచ్చు నేల మీద, గోధుమ రంగు సోఫా పక్కన పెడితే చెక్క అందులో కలిసిపోతుంది. గుడ్డను తప్పక ఇస్త్రీ చేయండి. గోడకు పైన పిన్నులు గుచ్చి, నేల మీదికి మడత లేకుండా వాలుగా జారవిడిస్తే గోడకు, నేలకు మధ్య గీత కనిపించదు.

టైల్స్ నేల మీద నేరుగా పెట్టకండి. టైల్ మెరుపులో వీణ తలకిందుల బొమ్మ పడుతుంది.

వీణ తనంతట తాను కుండ మీద, సొరబుర్ర మీద నిలుస్తుంది. కానీ కొనేవాళ్లకు మెట్లు, పలక (కుండను మూసే పై చెక్క) బాగా కనిపించాలంటే దాన్ని కాస్త మన వైపు వంచాలి. అప్పుడు పనికొచ్చేవే ఆ బియ్యం మూటలు. ఒకటి కుండ వెనక, ఒకటి సొరబుర్ర వెనక, గుడ్డ కింద దాచిపెట్టండి. గోడకు ఆనించి నిలబెట్టడం నేను ఎప్పుడూ చేయను. ఒక్కసారి జారితే యాళి చెవి విరుగుతుంది.

అయిదో మెట్టు: ఎంత దూరంలో నిలబడాలి

మూడు అడుగుల దూరం నుంచి ఫోన్ మామూలు లెన్సుతో తీస్తే దగ్గరున్న కుండ గుమ్మడికాయంత, దూరంగా ఉన్న యాళి నిమ్మకాయంత వస్తాయి. ఫోన్ల ప్రధాన లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది, అందుకని అన్నీ ఫ్రేములో పట్టాలంటే మనం దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది, దగ్గరికి వెళ్తే కొలతలు తప్పుతాయి. దీనికి మందు దూరం. ఎనిమిది, పది అడుగులు వెనక్కి వెళ్లి 2x లేదా 3x జూమ్ పెట్టండి. గది చిన్నదైతే గుమ్మం దాటి హాల్లోకి వెళ్లి తీయండి. నేను చాలా ఫొటోలు వంటింటి గుమ్మంలో నిలబడి తీసినవే.

ఫోన్ ఎత్తు కూడా ముఖ్యం. నిలబడి కిందికి చూస్తూ తీస్తే వీణ నేలకు అతుక్కుపోయినట్టు ఉంటుంది. నేల మీద కూర్చుని, వాయించేవాళ్ల ఎదురుగా కూర్చున్న శ్రోత కంటి ఎత్తులో ఫోన్ పెట్టండి. కచేరీలో వీణను మనం చూసేది అక్కడి నుంచే. ఆ కోణంలో తీసిన ఫొటో చూడగానే మనసుకు దగ్గరగా అనిపిస్తుంది.

ఆరో మెట్టు: ఫోన్ సెట్టింగులు

ముందు లెన్సు తుడవండి. ఇది చెప్పాలా అనుకోకండి, జేబులో తిరిగే ఫోన్ లెన్సు మీద ఎప్పుడూ నూనె ముద్ర ఉంటుంది. మసక ఫొటోల్లో సగం దాని వల్లే వస్తాయి.

ఫ్లాష్, ఫిల్టర్లు, బ్యూటీ, ఏఐ సీన్ ఆప్షన్లు ఆపేయండి. ఏఐ సీన్ చెక్కను చూసి నారింజ రంగు పోసేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ అసలు వద్దు. వెనకభాగాన్ని మసక చేయబోయి తంత్రులను, బిరడలను కూడా సగం చెరిపేస్తుంది. తంత్రులు తెగిపోయినట్టు ఉన్న వీణ ఫొటో పంపితే కొనేవాళ్లు ఏమనుకుంటారో చూడండి. దగ్గరి ఫొటోలకు కొన్ని ఫోన్లు తమంతట తామే మాక్రోకు మారి బాగా వెడల్పు లెన్సు వాడతాయి. దాన్ని ఆపేసి, ఓ అడుగు వెనక్కి వచ్చి 2xలో తీయండి, పదును బాగుంటుంది.

ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 50 లేదా 100 పెట్టండి. తెలుపు తెల్లగా వచ్చేలా రంగును సర్దే వైట్ బ్యాలెన్స్‌ను ఒకచోట నిలిపేయండి. ఆటోలో వదిలితే ఒక్కో ఫొటోలో చెక్క ఒక్కో రంగులో వస్తుంది. ప్రో మోడ్ లేకపోతే స్క్రీన్ మీద వీణ దండి దగ్గర వేలు కాసేపు నొక్కి పట్టండి. ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. ఆ తర్వాత వేలితో కిందికి లాగి ఫొటోను ఓ మోస్తరు చీకటి చేయండి. చీకటిగా ఉన్నదాన్ని తర్వాత వెలిగించుకోవచ్చు. కుండ మీద ఒకసారి పూర్తిగా తెల్లబడిపోయిన చోట చెక్క గీతలను మళ్లీ ఎవరూ తేలేరు. క్లిక్ చేసేటప్పుడు ఫోన్ కదలకుండా మూడు సెకన్ల టైమర్ పెట్టండి. ఫ్యాన్ కూడా ఆపండి, వెనక గుడ్డ ఊగుతుంది.

మొదటి ఫొటోలో వీణ పక్కన తెల్ల కాగితం ఒకటి పెట్టి తీసి ఉంచుకోండి. ఎడిటింగ్‌లో రంగు సరిచేయడానికి అదే ఆధారం.

ఏడో మెట్టు: ఏ ఏ ఫొటోలు తీయాలి

మొత్తం వీణ ఒకటి, అడ్డంగా, చుట్టూ కాస్త ఖాళీ వదిలి. చతురస్రంలో పెట్టాల్సి వస్తే వీణ చిన్న గీతలా అయిపోతుంది, అందుకని ఇంకో ఫొటోలో దాన్ని మూల నుంచి మూలకు ఐమూలగా ఉంచి తీయండి. తర్వాత వెనక వైపు. దీన్ని అందరూ వదిలేస్తారు, తెలిసినవాళ్లు మాత్రం ముందు అదే అడుగుతారు. ఒకే దుంగ నుంచి తొలిచిన ఏకాండి వీణ అని చెప్పి అమ్ముతున్నప్పుడు కుండ, దండి కలిసే చోట అతుకు లేదని, చెక్క గీతలు ఆగకుండా సాగుతున్నాయని వెనక నుంచి తీసిన ఫొటోనే చూపిస్తుంది. ఆ చోటుకు దగ్గరగా ఇంకొకటి తీయండి. అక్కడ వెలుతురు బాగా వాలుగా పడాలి, అప్పుడే చెక్క గీత లేస్తుంది.

యాళి ముఖానికి ఎంత సమయమైనా ఇవ్వండి. కంటి మీద ఫోకస్ పెట్టాలి, కోర మీద కాదు. నోరు తెరిచి ఉంటే లోపలికి వెలుతురు వెళ్లేలా చిన్న తెల్ల కాగితం కింద పట్టండి. యాళి వెనక నల్ల చార్ట్ పెడితే బంగారు రంగు పూత, ఎరుపు, ఆకుపచ్చ బాగా విడివడి కనిపిస్తాయి.

మెట్ల ఫొటోను దండి పొడవునా కిందికి వంగి తీయండి, మెట్లు వరసగా దూరమవుతూ కనిపించాలి. మైనం నునుపుగా, అంచులు తిన్నగా ఉన్నాయో లేదో ఇక్కడే తెలుస్తుంది. గుర్రం మీద తంత్రులు కూర్చునే తీరు, నాగపాశం (కుండ చివర తంత్రులు కట్టే చోటు), బిరడలు ఒక్కొక్క ఫొటో చాలు.

కొలత చూపించే ఫొటో తప్పక ఉండాలి. బొబ్బిలిలో బహుమతులుగా ఇవ్వడానికి చిన్న చిన్న వీణలు కూడా చేస్తారు. చక్కగా తీసిన చిన్న వీణ ఫొటో చూస్తే అసలు వీణే అనిపిస్తుంది. ఒకసారి ఒకరు చిన్నదాని ధర చూసి పెద్ద వీణ ఇంత చవకా అని ఆర్డర్ పెట్టబోయారు. పెద్ద వీణ పక్కన మనిషి కూర్చోవాలి, చిన్నదాన్ని అరచేతిలో పెట్టుకోవాలి.

లోపాల ఫొటో కూడా తీయండి. చెక్కలో ముడి, మైనంతో పూడ్చిన చిన్న పగులు, పాలిష్‌లో గీత, ఏదున్నా సరే. దాచితే పెట్టె విప్పినప్పుడు బయటపడుతుంది, వీణను వేల కిలోమీటర్లు తిప్పి పంపాలి, అది ఎవరికీ మంచిది కాదు. ఇంకో సంగతి. పనస చెక్క కొత్తలో పసుపుగా ఉండి ఏళ్లు గడిచే కొద్దీ ముదురుతుంది. అందుకని ఫొటో తీసిన నెల, సంవత్సరం రాసి పంపండి.

నాకు బాగా ఇష్టమైనది చివరి ఫొటో. చేసినవాళ్ల చేతులు వీణ మీద ఉండగా తీసేది. మెట్టు సరిచేస్తూనో, బిరడ తిప్పుతూనో. ముఖం రానక్కర్లేదు. వాళ్లను ముందే అడగండి, ఒప్పుకుంటేనే తీయండి. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. ఆ కాగితం మాట ఎలా ఉన్నా, పనస పొట్టు అంటిన ఆ వేళ్లను చూశాక ఇది ఫైబరా అని నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

మిగతా వాయిద్యాలకు కొన్ని మాటలు

డప్పుకు రెండు ఫొటోలు వేరే ఏ వాయిద్యానికీ రానంత అందంగా వస్తాయి. ఒకటి, వెలుతురు చర్మం మీద నుంచి జారుతూ పోయేలా పక్కగా పెట్టి తీసేది. చర్మం గరుకు, బిగువు తెలుస్తాయి. రెండోది, డప్పును కిటికీకి అడ్డంగా పట్టుకుని తీసేది. చర్మం గుండా వెలుతురు వచ్చి తేనె రంగులో వెలుగుతుంది, అందులోని సన్నటి నరాల గీతలు కూడా కనిపిస్తాయి. అప్పుడు చర్మం మీద వేలు నొక్కి వెలుతురు లాక్ చేయాలి, లేకపోతే డప్పు నల్లగా వస్తుంది.

మృదంగం మూత మధ్యలోని నల్లటి పూత (కరణి), చుట్టూ ఉన్న లేత చర్మం ఒకే ఫొటోలో కుదరడం కష్టం. తెల్లటిది పేలకుండా వెలుతురు తగ్గించి తీసి, నలుపును ఎడిటింగ్‌లో కాస్త లేపండి. సన్నాయి నల్లటి చెక్కతో ఉంటే రెండు పక్కలా రెండు థర్మోకోల్ షీట్లు నిలువుగా పెట్టండి, అంచుల వెంట తెల్లటి గీతలు వచ్చి ఆకారం తేలుతుంది. కింది లోహపు గరాటులో మాత్రం గదంతా కనిపిస్తుంది, దానికి ఎదురుగా తెల్ల దుప్పటి పట్టుకోక తప్పదు. వేణువుకు ఇవేవీ అక్కర్లేదు. కోరా గుడ్డ మీద ఐమూలగా పెట్టి, రంధ్రాల అంచులు కనిపించేలా పక్క వెలుతురు ఉంటే చాలు.

జానపద తంత్రీ వాయిద్యమైన కిన్నెర గురించి కూడా చెప్పాలి. 12 మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాయిద్యం ఎలా ఉంటుందో చూడాలని చాలామంది వెతికారు. వెదురు కర్రకు కట్టిన సొరబుర్రలే దాని అందం. ప్రతి బుర్రకూ తనదైన వంకర, మచ్చ ఉంటాయి. వాటిని ఎడిటింగ్‌లో తుడిచేయకండి. కిన్నెరను నేల మీద పడుకోబెట్టి తీస్తే బుర్రల గుండ్రదనం పోతుంది. వాయించేవాళ్లు పట్టుకున్నట్టుగా నిలువుగా, మనిషి చేతిలో ఉండగా తీయండి.

ఎనిమిదో మెట్టు: దిద్దడం, పంపడం

స్నాప్‌సీడ్ లాంటి ఉచిత యాప్ సరిపోతుంది. ముందు ఫొటోను తిన్నగా చేయండి, తర్వాత తెల్ల కాగితం ఫొటో ఆధారంగా వైట్ బ్యాలెన్స్ సరిచేసి అదే విలువ మిగతావాటికీ పెట్టండి. నీడలను కాస్త లేపండి, మరీ మెరిసే చోట్లను కాస్త దించండి. అక్కడితో ఆపండి. రంగు పెంచే శాచురేషన్ జోలికి పోవద్దు. పదును మరీ పెంచితే చెక్క గీతలు గీకినట్టు అవుతాయి. అయ్యాక ఫోన్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వీణ పక్కన పట్టుకుని రెండూ కలిపి చూడండి. రంగు కలవకపోతే మార్చాల్సింది ఫొటోనే. ఫోన్ స్క్రీన్‌లో కళ్లకు హాయినిచ్చే పసుపు మోడ్ ఆన్‌లో ఉంటే ఆపేసి చూడండి, దాని వల్ల నేను ఒకసారి పది ఫొటోలు నీలంగా దిద్ది పంపాను.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోయి తంత్రులు మెట్లమెట్లుగా విరిగినట్టు కనిపిస్తాయి. డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోలతో పాటు ఏడు తంత్రులనూ ఒక్కొక్కసారి మీటుతూ ఓ నిమిషం వీడియో కూడా జత చేయండి. ఫ్యాన్, టీవీ ఆపి, ఫోన్‌ను కుండకు మూడు అడుగుల దూరంలో ఉంచితే నాదం చక్కగా పడుతుంది.

పని అయిపోయాక వీణను దాని చోట పెట్టి గుడ్డ కప్పే ముందు, వీణ కుండ ఎక్కడుందో, ట్రైపాడ్ కాళ్లు ఎక్కడున్నాయో, థర్మోకోల్ ఎక్కడ నిలబెట్టారో నేల మీద చిన్న టేపు ముక్కలు అతికించి ఉంచండి. మా ఇంట్లో కిటికీ దగ్గర అలాంటి ముక్కలు అయిదు ఉన్నాయి. ఇల్లు తుడిచే ప్రతిసారీ అవి ఊడకుండా చూసుకుంటాం. గొల్లపల్లి నుంచి ఇంకో వీణ వచ్చిన రోజున పంచె కట్టి, లైట్లు ఆర్పి, ఆ గుర్తుల మీదే అన్నీ పెట్టేస్తాను. పది నిమిషాల్లో మొదటి ఫొటో సిద్ధంగా ఉంటుంది.